మీటరమ్మ నాలుక

ఆ పళ్ళ గుజ్జు ఫ్యాక్టరీలో గేటు దగ్గర కాపలావాడి నుంచి పై అంతస్తులో మేనేజరు దాకా అందరూ ఆమెను మీటరమ్మ అనే పిలుస్తారు. హాజరు పుస్తకంలో వేరే పేరుంది గానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. ఇరవై ఆరేళ్ళుగా పరీక్షల గదిలో ఆమెది ఒకటే పని, సపోటాలో వగరు ఎంతుందో కొలవడం.

ఇదీ ఒక పనేనా అని నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళకు సపోటా సంగతి తెలియదు. మామిడికాయ పండితే రంగు తిరుగుతుంది, వాసన వీధి చివరిదాకా వెళుతుంది. సపోటా అలా కాదు, మహా గుంభనం. పచ్చిగా ఉన్నప్పుడూ అదే మట్టిరంగు, పండాకా అదే మట్టిరంగు. తొందరపడి కొరికారా, నోరు పిడచకట్టి, నాలుక అంగిలికి అతుక్కుని, ఎవరైనా పలకరిస్తే తల ఊపడం తప్ప మాట పెగలదు. ఆ పని చేసే పదార్థాన్ని టానిన్ అంటారు. కాయ పండేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. తగ్గకముందే ఒక్క బుట్ట మిషనులో పడితే చాలు, ఆ పూట డబ్బాలకెక్కిన గుజ్జంతా దండగే. అందుకని, పండబెట్టే గదిలో ప్రతి అర నుంచీ రోజూ పది కాయలు మీటరమ్మ బల్ల మీదికి వస్తాయి. ఆమె చెప్పే అంకె ఎనభైకి దిగితేనే ఆ అరలోని కాయలు మిషను ముఖం చూస్తాయి.

కొలిచే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, కాకపోతే ఓపిక కావాలి. గుజ్జు పది గ్రాములు తూచి నీళ్ళలో మరగబెట్టాలి. వడగట్టి, ఆ తేటను పింగాణీ గిన్నెలో నీలిరంగు మందు కలిపిన నీళ్ళలో పొయ్యాలి. పైన నిలువు గాజుగొట్టంలో ఊదారంగు పర్మాంగనేటు ఉంటుంది. దాన్ని చుక్కచుక్కగా వదులుతూ గాజుకడ్డీతో తిప్పుతుంటే గిన్నెలో నీలం కాస్తా పచ్చబడుతుంది, ఆ పచ్చ లేతబడుతుంది, ఉన్నట్టుండి బంగారు పసుపు తేలుతుంది. సరిగ్గా అప్పుడే కింది కుళాయి కట్టెయ్యాలి. ఎంత మందు పట్టిందో చూసి లెక్క వేస్తారు. ఒక్క చుక్క ఎక్కువ పడితే గిన్నె కడుక్కుని మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఇంతా చేస్తే, ఈ తంతు మొదలుకాకముందే మీటరమ్మ అంకె చెప్పేసేది. కాయను నిలువుగా కోసి, ఒక పలచటి ముక్క నాలుక మీద పెట్టుకుని, కళ్ళు సగం మూసి, "నూట నలభై" అనేది. తర్వాత గొట్టం దగ్గర నూట ముప్పై ఎనిమిది వచ్చేది. ఆ రెండు తక్కువ రావడం గొట్టం తప్పని ఆమె నమ్మకం. పాత ఆఫీసరు ఒకాయన ఈ ముచ్చట చూడలేక, రిజిస్టరులో పరీక్ష అంకె పక్కనే నాలుక అంకెకు కూడా ఒక గడి గీయించాడు. ఆమె పరువు తీద్దామని గీసిన గడి అది. చివరికి ఆ గడే ఆమెకు పేరు తెచ్చిపెట్టింది.

ఇంత పేరున్న నాలుక రెండేళ్ళ కిందట ఒక జ్వరంలో చచ్చిపోయింది.

వారం రోజులు కాలిపోయే జ్వరం వచ్చి తగ్గింది. లేచి కూర్చుని పాలు తాగితే వేడి తెలిసింది గానీ పాలో నీళ్ళో తెలియలేదు. పంచదార నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టుంది. డాక్టరు నోరు తెరిపించి, ముక్కులో లైటు వేసి చూసి, రుచీ వాసనా రెండూ పోయాయనీ, తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చనీ చల్లగా చెప్పాడు. మీటరమ్మ ఈ మాట ఇంట్లో చెప్పలేదు. ముందు ఫ్యాక్టరీకి వెళ్ళి తన గతేమిటో తేల్చుకుందామనుకుంది.

మొదటి రోజు కాయ కోసి ముక్క నోట్లో పెట్టుకుంది. తీపి లేదు, వాసన లేదు, ఏమీ లేదు. అయిపోయింది నా పని అనుకునేంతలో నాలుక అంచులు బిగిశాయి. బుగ్గలు లోపలికి లాగాయి. "రెండు వందల పది" అంది గబుక్కున. పరీక్షలో రెండు వందల ఆరు వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక, బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగి, అక్కడే కాసేపు ఏడ్చి లేచింది.

తర్వాత డాక్టరు విడమరిచి చెప్పాడు. వగరు అసలు రుచే కాదట, పట్టు అట. వేడీ చలవా, నునుపూ గరుకూ తెలిసినట్టే చర్మానికి తెలిసే సంగతట. కారం కూడా అంతే, మంట. కాకపోతే మీటరమ్మ మొగుడికి కడుపులో పుండు ఉండడంతో వాళ్ళ వంటింట్లో కారం అడుగుపెట్టక పదేళ్ళయింది. ఆ విధంగా తీపి పోయింది, ఉప్పు పోయింది, పులుపు పోయింది, ఎవరూ అడిగి వడ్డించుకోని వగరు మాత్రం సర్కారు ఉద్యోగిలా కుర్చీ పట్టుకుని కదలకుండా కూర్చుంది. దాని పుణ్యాన ఫ్యాక్టరీలో ఒక్కరికీ అనుమానం రాలేదు. రోజూ పరీక్షలో గెలుస్తున్న నాలుకను ఎవరు అనుమానిస్తారు?

ఇంట్లో చెప్పవలసింది. చెప్పాలనే అనుకుంది. కానీ ఆ రోజుల్లోనే టైలరు కొట్టు మూసేశాడు.

టైలరంటే ఆమె మొగుడే. ముప్పై ఏళ్ళుగా ఇంటికి నాలుగు గజాల దూరంలో సన్నటి గదిలో చొక్కాలూ లాగులూ కుట్టిన మనిషి. జనం అంగట్లో కుట్టి అమ్మే బట్టలు సంచుల్లో తెచ్చుకోవడం మొదలుపెట్టాక ఆయన దగ్గరికి బొత్తాం కుట్టించుకోవడానికీ జిప్పు మార్పించుకోవడానికీ తప్ప ఎవరూ రాలేదు. ఒకరోజు తలుపుకు తాళం వేసి వచ్చి, ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఎదుటి గోడకేసి చూడడం మొదలుపెట్టాడు. మూడు నెలలు చూశాడు. టీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. మీటరమ్మకు ఆ గోడ మీద కోపం వచ్చేది.

అలాంటివాడు ఒక సాయంత్రం ఆమె ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి వంటింట్లో ఉన్నాడు. మెడలో కొలతల టేపు, ముందు బెండకాయలు. ఒక్కొక్క బెండకాయనూ టేపుతో కొలిచి, సుద్దతో గీతపెట్టి, సరిగ్గా అంగుళం చొప్పున కోస్తున్నాడు. ఆ కూర వడ్డించి, ఎదురుగా కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకుంటున్న పెళ్ళాం ముఖంకేసి చూశాడు. గోడకేసి చూసిన చూపు కాదది. ఆ చూపు ముందు, నాకు రుచి తెలియదండీ అని ఏ ఆడది చెప్పగలదు? "బాగుంది" అంది. టైలరు లేచి నిలబడ్డాడు. మూడు నెలల తర్వాత ఆయన నడుము నిటారుగా అయింది ఆ పూటే.

అక్కడితో ఆగితే గొడవ లేకపోయేది. మర్నాడు ఆయన అంకె అడిగాడు. ఊళ్ళో సపోటాలన్నిటికీ అంకె చెప్పేదానివి, కట్టుకున్నవాడి కూరకు చెప్పవా అని నిలదీశాడు. నూటికి ఎనభై ఎనిమిది అని నోటికొచ్చింది అనేసింది. ఆయన చెవి మీంచి సుద్ద తీసి వంటింటి గోడ మీద 'బెండకాయ 88' అని రాశాడు. ఇక ఆగలేదు. వంకాయ 92, దోసకాయ 90, బంగాళాదుంప 94. మరీ అన్నీ తొంభైలైతే నమ్మడేమోనని ఒకరోజు సొరకాయకు డెబ్భై ఒకటి ఇచ్చింది. ఆ రోజంతా మూతి ముడుచుకుని, రాత్రికి సొరకాయను మళ్ళీ వండి పెట్టాడు. ఫ్యాక్టరీ రిజిస్టరులో ఇరవై ఆరేళ్ళలో ఒక్క దొంగ అంకె వెయ్యని మనిషికి, ఇంట్లో గోడ నిండా దొంగ అంకెలే. గిన్నెలు కడుగుతూ వాటి మధ్య నిలబడినప్పుడల్లా ఆమెకు సిగ్గేసేది. కానీ హాల్లో కుర్చీ ఖాళీగా కనబడగానే ఆ సిగ్గు పోయేది.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం టైలరు ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, పెళ్ళాన్నీ కూతుర్నీ కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. కొట్టులో హోటలు పెడుతున్నాడు. పొయ్యిలు కుదిర్చేశాడు. కుట్టుమిషను పక్క వీధిలో కుట్టుపని చేసే టైలరమ్మకు ఇచ్చేస్తానని మాటిచ్చాడు, వచ్చే ఆదివారం బండి తెచ్చుకుని పట్టుకుపోతుంది. బోర్డు కూడా రాయడానికి ఇచ్చేశాడు, 'మీటరమ్మ మెచ్చిన భోజనం' అని. ఫ్యాక్టరీ మొత్తం నీ నాలుకను నమ్ముతుంది కదా, మధ్యాహ్నానికి అందరూ మన కొట్టులోనే ఉంటారు అని ఆమెకే ధైర్యం చెప్పాడు.

రెండు వీధుల అవతల కాపురముంటున్న కూతురు ఆ మాట విని తెల్లబోయింది. తల్లిని పెరట్లోకి లాక్కెళ్ళింది.

"అమ్మా, నువ్వు చెప్పు. నాన్న వంట నిజంగా బాగుందా?"

మీటరమ్మ బాగుంటుందిగా అంది, కొంచెం అనుమానంగానే.

"నేను రెండేళ్ళుగా ఈ ఇంట్లో ముద్ద ముట్టలేదు, చూశావా? వచ్చినప్పుడల్లా కడుపు నిండా ఉందంటున్నాను. నువ్వు నాన్న మీద ప్రేమతో తింటున్నావని నోరు మూసుకున్నాను. అమ్మా, హోటలుకొచ్చేవాళ్ళకి నాన్న మీద ప్రేమేం ఉంటుంది?"

రెండేళ్ళుగా తన అంకెలు దొంగవని మీటరమ్మకు తెలుసు గానీ కూర ఇంత దొంగదని తెలియదు. ఏదో మామూలుగా ఉంటుందిలే, అందరి ఇళ్ళల్లోలాగే ఉంటుందిలే అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు నిజం చెబితే ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చుంటాడు. చెప్పకపోతే మిషను పోతుంది, కొట్టు పోతుంది, ఊరంతా నవ్వాక అప్పుడు కుర్చీలో కూర్చుంటాడు. ఇక ఆ కుర్చీలోంచి లేపే కూర ఏదీ ఉండదు. ఆలోచించి ఆలోచించి ఆమె తనకు చేతనైన పనే చేద్దామనుకుంది. సోమవారం టిఫిను డబ్బాలో కూర ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక పరీక్షల గది తలుపు దగ్గరగా వేసి, కూర పది గ్రాములు తూచింది. నీళ్ళలో కలిపి, వడగట్టి, ఫ్యాక్టరీ నీళ్ళలో ఉప్పు చూసే వెండి మందు గొట్టంలో పోసి చుక్కలు వదిలింది. ఇటుకరంగు రావాలి. గొట్టం సగమైంది, రాలేదు. ముప్పావు అయింది, రాలేదు. మళ్ళీ నింపింది. ఎట్టకేలకు ఇటుకరంగు తేలింది. అంగడిలో అమ్మే కూర డబ్బాల మీద రాసి ఉండే ఉప్పుకు మూడింతలు తేలింది. రెండేళ్ళుగా ఆ ఉప్పు పొట్టలోకి పంపుతున్నందుకు తన మూత్రపిండాలకు మనసులోనే క్షమాపణ చెప్పుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో, హోటలుకొచ్చేవాళ్ళకు ఉప్పు తక్కువైతేనే ఇష్టమటండీ, చెంచాకి మూడో వంతు చాలట అని ఎవరో చెప్పినట్టు చెప్పింది. టైలరు ఒక్క క్షణం ఆమెకేసి వింతగా చూసి, సరే అన్నాడు. మంగళవారం మళ్ళీ డబ్బా ఫ్యాక్టరీకొచ్చింది. ఉప్పు దారికొచ్చింది. ఇక ఆమె పులుపు చూసింది. సున్నంనీళ్ళ సోదరిలాంటి క్షారం చుక్కలు వేస్తే గులాబీరంగు తేలే పరీక్ష అది. పులుపూ మితిమీరే ఉంది. బుధవారం పులుపు సరిచేసింది. గురువారం, కంటికి ఆనించి వెలుతురులోకి చూసే చిన్న రిఫ్రాక్టోమీటరుతో తీపి చూసింది. శుక్రవారానికి టైలరు కూరలో ఉప్పూ పులుపూ తీపీ మూడూ పుస్తకంలో అచ్చేసినట్టు కుదిరాయి. ప్రపంచంలో ఇంత కొలత ప్రకారం ఉడికిన వంకాయ ఇంకోటి ఉండదని మీటరమ్మకు గర్వం కూడా కలిగింది. హోటలు గట్టెక్కుతుంది, ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఆఫీసరు వచ్చింది.

ఆఫీసరు చిన్నపిల్ల, వచ్చి ఏడాదైంది. మాట మెత్తన, చూపు చురుకు. వారానికొకసారి వాడే వెండి మందు సీసా నాలుగు రోజుల్లో అడుగంటడం ఆమె కంటపడింది. బల్ల మీద వరసగా నాలుగు గాజు కుప్పెలు, ఒక్కోదానికి చీటీ. మొదటి చీటీ తీసి పైకే చదివింది.

"బెండకాయ, మంగళవారం. మీటరమ్మగారూ, ఇది ఏ అరలోంచి వచ్చిన శాంపిలండీ?"

"మా వంటింటి అరలోంచి, మేడమ్."

దాచి లాభం లేదని హోటలు సంగతి చెప్పింది. వాడిన మందుకు బదులు కొత్త సీసా తెచ్చిపెడతానంది. ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ అంకెలు రాసుకున్న కాగితం చూసింది, బాగున్నాయే అంది, చెంచా తీసుకుని కూర రుచి చూసింది. ఆమె ముఖంలో, ఏ గొట్టమూ చూపించని అంకె ఒకటి కనిపించింది.

నీళ్ళు తాగి, మెల్లగా అంది. "ఉప్పు సరిపోయిందండీ. పులుపూ సరిపోయింది. కానీ బూడిద తిన్నట్టుంది. ఉల్లిపాయలు బొగ్గయిపోయాయి. మీకు తెలియలేదా?"

మీటరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ పొగ చిమ్మితే గానీ కాగిందని నమ్మని మనిషి ఆయన. మూకుడు దగ్గరా అంతే, పొగ లేచి వంటిల్లు మూసుకుంటేనే ఉల్లిపాయలు వేగాయని లెక్క. ఆ పొగ కళ్ళకు మండేది, ముక్కుకు తెలిసేది కాదు. నాకేదీ తెలియదు మేడమ్ అంది, రెండేళ్ళలో మొదటిసారిగా ఒక మనిషితో. జ్వరం దగ్గర మొదలుపెట్టి గోడ మీద 94 దాకా అంతా చెప్పేసింది.

ఆఫీసరు రిజిస్టరు తెరిచి, రెండేళ్ళ నాలుక గడి మీద వేలు పెట్టి కిందిదాకా చదివింది. ఎక్కడా ఐదుకు మించి తేడా లేదు. "మనక్కావలసింది వగరే కదండీ, అది మీ దగ్గర భద్రంగా ఉంది. మీ ఉద్యోగానికేం కాదు" అంది. తర్వాత డబ్బా మూత పెట్టి ఆమె చేతికిస్తూ, "కానీ మాడు కొలిచే మందు ఈ గదిలో లేదు. మీరు ఆయనకి చెప్పాల్సిందే" అంది.

శనివారం ఒంటిపూట. మీటరమ్మ ఇంటికి పోకుండా నేరుగా కొట్టుకు వెళ్ళింది.

కొట్టు నిండా మధ్యాహ్నపు ఎండ పరుచుకుని ఉంది. నిలువుటద్దం తీసేసిన చోట గోడ తెల్లగా ఉంది. కాగితపు కత్తిరింపుల కట్ట, బొత్తాల సీసాలు మూటగట్టి ఒక మూల ఉన్నాయి. ఇంకో మూల కొత్త గిన్నెలు, ఉప్పు పొట్లాలు, పంచదార పొట్లాలు. రంగు ఆరని బోర్డు గోడకు ఆనించి ఉంది, దాని మీద ఆమె పేరు జానెడు అక్షరాలతో మెరుస్తోంది. టైలరు మిషను ముందు కూర్చుని నూనె వేస్తున్నాడు. రేపు వెళ్ళిపోయే మిషనుకు ఇవాళ నూనె ఎందుకో ఆమె అడగలేదు. ఆయన చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, సూది పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చున్నాడు.

బోర్డు తీయించెయ్యండి అంది. పేరు చూసి సిగ్గుపడుతోందనుకుని ఆయన నవ్వాడు. అప్పుడు చెప్పింది.

"ఏమండీ, నాకు రుచి తెలియదు. జ్వరమొచ్చినప్పటి నుంచి తెలియదు."

"పొద్దున్న వంకాయకి తొంభై ఆరన్నావుగా."

"అబద్ధమండీ. గోడ మీదవన్నీ అబద్ధాలే."

"డెబ్భై ఒకటి కూడానా?"

"అది మరీ అబద్ధం."

ఆయన నమ్మలేదు. లేచి మూలకు వెళ్ళి, ఒక పొట్లం చింపి, చెంచా నిండా తీసుకొచ్చి, కళ్ళు మూసుకోమన్నాడు. మీటరమ్మ కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. నమిలింది. గరగరమంది. పంచదారేనేమో అంది, మింగేసింది, కావాలంటే ఇంకో చెంచా పెట్టండి అంది. జవాబు రాకపోతే కళ్ళు తెరిచింది. ఆయన చేతిలో ఉన్నది ఉప్పు పొట్లం. చెంచా ఎక్కడో కింద పడింది.

నీళ్ళ చెంబు అందించి, తాగమని రెండుసార్లు చెప్పాడు. ఆమె నీళ్ళు తాగుతూనే ఏడ్చింది. మీరు మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటారని భయమేసిందండీ, అందుకే చెప్పలేదు అంది. మీరు లేచి నిలబడితే చాలనుకున్నాను, కూర ఎలా ఉంటేనేం అనుకున్నాను అంది. ఫ్యాక్టరీలో కూర పరీక్షలు చేసిన సంగతీ, ఉప్పు తగ్గించమన్నది ఎవరూ కాదు తనేనన్న సంగతీ కూడా ఒప్పేసుకుంది.

టైలరు మిషను ముందు కూలబడ్డాడు. మీటరమ్మ ఆయన ముఖంకేసి చూస్తూ నిలబడింది, ఆ చూపు ఎటు తిరుగుతుందోనని. అది గోడ వైపు తిరగలేదు. ఆయన వంగి మిషను సొరుగు లాగాడు. దారపు కండెల వెనక నుంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకోటి తీశాడు. మొత్తం ఐదు పెట్టాడు. నాలుగు ఖాళీవి, ఐదోది సగం ఉంది.

ఏమిటివి అంది ఆమె.

"టానిక్. నాలుకకి." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను వండింది నేను తింటే సముద్రం తాగినట్టుండేది. మాడు కంపు కొట్టేది. నువ్వేమో తొంభై రెండంటావు. ఫ్యాక్టరీలో అందరూ నమ్మే నాలుక తప్పు చెప్తుందా? నాదే పాడైందనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పొద్దున రెండు చెంచాలు, రాత్రి రెండు చెంచాలు."

"రెండేళ్ళుగానా?"

"రెండేళ్ళుగానే. పాత సీసాలు ఎప్పటికప్పుడు పారేశాను, ఇవి ఈమధ్యవి. మొన్న సోమవారం నుంచి ఉప్పదనం తగ్గిందనిపించింది. మందు పనిచేస్తోందని ఇంకో సీసాకి కూడా చెప్పొచ్చాను."

మీటరమ్మ ఆ ఐదు సీసాలనూ ఒక్కొక్కటిగా చూసింది. తను రుచి తెలియక తిన్న ప్రతి ముద్దనూ ఈ మనిషి ఎదురుగా కూర్చుని, రుచి తెలిసి మరీ తిన్నాడు. తను ఒక్క మాట అబద్ధమాడితే, ఆయన ఆ మాట నిలబెట్టడానికి తన నాలుకనే అబద్ధం చేసుకున్నాడు. ఆమెకు ఆయన మీద జాలేసింది, కోపమూ వచ్చింది, అన్నిటికంటే ఎక్కువ ప్రేమ పొంగుకొచ్చింది.

టైలరు సగమున్న సీసాను వెలుతురులోకి ఎత్తి చూశాడు. ఏదో లెక్క తేలినట్టు ఆయన ముఖం మెల్లగా విప్పారింది.

"అంటే, నా నాలుక బాగానే ఉందన్నమాట."

"బంగారంలా ఉందండీ."

"ఇన్నాళ్ళూ బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది."

"అయితే విను. నా వంట మనుషులు తినేది కాదు."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అంత ధీమాగా చెప్పిన మాట ఇంకోటి లేదు. ఆ మాటకు మీటరమ్మ ఏడుపు మధ్యలోనే పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఎన్నాళ్ళనుంచో మనసులో పెట్టుకున్నవన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. సొరకాయ ఉడకలేదు, దోసకాయ చేదు, వంకాయ సంగతి అసలు ఎత్తొద్దు. చెప్పేకొద్దీ ఆయన గొంతు పెరిగింది, వెన్ను నిటారుగా అయింది. ఆఖరికి లేచి, బోర్డును గోడవైపుకు తిప్పేసి, రేపు పొద్దున్నే టైలరమ్మ బండి తెచ్చుకోకముందే వెళ్ళి మిషను ఇవ్వడం లేదని చెప్పొస్తానన్నాడు.

పొయ్యిల సంగతేమిటని ఆమె భయంభయంగా అడిగింది.

"ఒకటి ఇంటికి తెచ్చుకుందాం. రేపటి నుంచి నేనే రుచి చూసుకుని వండుతాను. నువ్వు కడుపునిండా తిను. అంకె మాత్రం చెప్పకు."